జోకొట్టే చెయ్యి

రాత్రి తొమ్మిదీ ఇరవై. గదిలో లైటు తీసేసి అరగంట దాటింది. ఎడమ చెయ్యి పాప తల కింద ఇరుక్కుని తిమ్మిరెక్కింది. కుడి చేత్తో జోకొడుతున్నాను. చెయ్యి కాస్త నెమ్మదించగానే "ఆపకమ్మా" అంటుంది. పక్కగదిలోంచి టీవీ వార్తలు వినిపిస్తున్నాయి. నా బల్లమీద తెల్లారేసరికి పంపాల్సిన వ్యాసం సగంలో ఉంది. పాప ఊపిరి బరువెక్కింది, ఇక పడుకుందనుకుని చెయ్యి మెల్లగా లాక్కోబోయాను. చీకట్లో రెండు కళ్ళు విచ్చుకున్నాయి.

"ఎక్కడికి పోతున్నావు?"

"ఎక్కడికీ లేదు తల్లీ, ఇక్కడే ఉన్నా" అన్నాను.

అబద్ధం. దాన్ని వదిలేసి పోదామనే గంటసేపట్నుంచి ఎదురుచూస్తున్నాను.

ఇది 2007 నాటి మాట. అప్పుడు పాపకి రెండున్నరేళ్ళు. ఆ తర్వాత పెద్ద పెద్ద విషయాల మీద ఎన్నో రాశాను, సభల్లో మాట్లాడాను. ఈ చిన్న అబద్ధం గురించి మాత్రం ఎక్కడా రాయలేదు. రాయాల్సినంత విషయం ఇందులో ఉందా అనిపించేది. పిల్లల్ని పడుకోబెట్టడం కూడా ఒక నైతిక సమస్యేనా, ఇంట్లో ఇంతకన్నా పెద్ద అన్యాయాలు లేవా అని ఎవరైనా అంటారేమోనని భయం కూడా. అంటే అననివ్వండి.

మనం ఎప్పుడూ ఒకటే మాట చెప్తాం: "పిల్లకి నిద్ర చాలా అవసరం." నిజమే. ఒకటి రెండేళ్ళ పిల్లలకి పగటి కునుకులతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ళ వాళ్ళకి 10 నుంచి 13 గంటలు నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కానీ నేను గడియారం చూసింది అందుకు కాదు. రాయాల్సిన పని లేని ఆదివారాలు మా పాప పదిన్నర దాకా ఇల్లంతా పీకి పందిరేసినా నాకేమీ అనిపించేది కాదు. పని ఉన్న రోజే దాని ఆరోగ్యం గుర్తొచ్చేది. నా అవసరాన్ని దాని అవసరంగా మార్చి చెప్పడం అంత సులువుగా అలవాటైపోయింది.

నాకు కావలసింది దాని నిద్ర కాదు, అది కాసేపు లేకపోవడం. ఇలా రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి వెనకాడుతోంది. పెద్దవాళ్ళ మధ్య ఈ కోరిక తప్పేం కాదు. మొగుడు నాలుగు రోజులు క్యాంపుకి వెళ్తే హాయిగా ఉందని స్నేహితురాళ్ళతో చెప్పుకుని నవ్వుకుంటాం. ప్రేమ లేదని ఎవరూ అనుకోరు. కానీ పసిపిల్ల క్యాంపుకి వెళ్ళలేదు. తలుపేసుకుని తన గదిలో తాను కూర్చోలేదు. తల్లి దగ్గర్నుంచి పక్కకి తప్పుకోవడానికి దానికున్న దారి ఒక్కటే, నిద్ర. అందుకే మన ఏకాంతం కోరికంతా పాపం ఆ చిన్న రెప్పల మీద వచ్చి కూర్చుంటుంది.

మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదన్నాడు కాంట్. ఎమ్మేలో ఈ వాక్యం ఎన్నిసార్లు రాశానో. నా తీరిక కోసం పిల్లని నిద్రపుచ్చడం దాన్ని సాధనంగా వాడటమే కదా అని ఆ రోజుల్లో తెగ మథనపడేదాన్ని. తర్వాతెప్పుడో చదివాను, ఆయన పెళ్ళి చేసుకోలేదు, రోజూ పొద్దున్న అయిదింటికి నిద్రలేపడానికి ఒక సేవకుడుండేవాడట. ఆ సూత్రం తప్పని కాదు. కానీ దాన్ని రాసిన చేతికి ఎప్పుడూ ఒక పిల్ల తల కింద ఇరుక్కోవాల్సిన అవసరం పడలేదు. తల్లిపని నుంచే ఒక ఆలోచనా పద్ధతి పుడుతుందని శారా రడిక్ 1989లో పుస్తకం రాసేదాకా, కోపమూ లాలనా ఒకే తల్లిలో ఒకే గంటలో ఉంటాయని ఏడ్రియన్ రిచ్ 1976లో తన డైరీలు బయటపెట్టేదాకా, ఈ గదిలోకి తత్వశాస్త్రం తొంగి చూసింది తక్కువే. వర్జీనియా వుల్ఫ్ గది అడిగింది, దానికి తాళం కూడా అడిగింది. ఆ తాళం వేశాక అవతలివైపు తలుపు కొడుతూ ఏడ్చే రెండేళ్ళ పిల్లని ఏం చెయ్యాలన్నది మనం తేల్చుకోవాల్సిన సంగతి.

మన భాష సంగతి చూడండి. తీరిక, తీరుబడి. రెండూ 'తీరు' నుంచి వచ్చినవే. పని తీరితే వచ్చేది తీరిక. పని తీరకుండానే నాకు కాస్త సమయం కావాలనడానికి మనకి సొంత మాట లేదు. ఇంటి పని ఏ రోజు తీరింది గనక? అలాగే 'జోకొట్టడం'. తల్లి జోకొడుతుంది, ప్రభుత్వం ప్రజల్ని జోకొడుతుంది. రెండోదాన్ని మనం తిట్టుగా వాడతాం. మొదటి దాంట్లో కూడా ఆ రెండోది కొంచెం ఉందని ఒప్పుకోం. "బూచాడొస్తున్నాడు, కళ్ళు మూసుకో" అన్నప్పుడు మనం చేస్తున్నది ఏమిటి? భయపెట్టి లొంగదీసుకోవడం. ఆ పద్ధతి మనమీద ఎవరైనా వాడితే వ్యాసాలు రాస్తాం.

లెక్కలు కూడా చెప్పుకోవాలి. 2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనిలో గడుపుతున్నారు. అసలు ఆ పని ముట్టుకునేవాళ్ళే ఆడవాళ్ళలో నూటికి 81 మంది, మగవాళ్ళలో 26 మంది. ఆ సర్వేలో రోజుని అరగంట ముక్కలుగా కోసి, ఏ ముక్కలో ఏం చేశారని అడిగారు. నన్నెవరైనా అడిగి ఉంటే నా తొమ్మిది నుంచి తొమ్మిదిన్నరని ఏ గడిలో రాయించాలో నాకు తెలిసేది కాదు. మంచం మీద చీకట్లో పడుకుని ఉన్నాను. చూసేవాళ్ళకది విశ్రాంతి. మా అత్తయ్య అననే అనేవారు, "పిల్లతోపాటు నువ్వూ నడుం వాలుస్తున్నావుగా" అని. ఆవిడ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆవిడ జీవితంలో నడుం వాల్చే అవకాశం నిజంగా అంతవరకే ఉండేది. జీవితమంతా కంటినిండా నిద్రకోసం తపించిన స్త్రీ గురించి అబ్బూరి ఛాయాదేవిగారు 'సుఖాంతం' రాశారు. ఆ కథ ఆవిడకి చదివి వినిపిస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్ళి పాలు తోడు పెట్టుకున్నారు.

మా ఆయన మంచివాడే. ఈ మాట మన వ్యాసాల్లో తరచుగా వస్తుంది, దాని తర్వాత 'కానీ' కూడా వస్తుంది. "నా దగ్గర పడుకోదు, నీ దగ్గరైతేనే పడుకుంటుంది" అనేవాడు. రెండుసార్లు ప్రయత్నించాడు కూడా. రెండుసార్లూ పాపకన్నా ముందు తనే గుర్రుపెట్టి నిద్రపోయాడు, అది వచ్చి "నాన్న పడుకున్నాడు" అని నాకు చెప్పింది. చాలా నవ్వుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వు రావడం లేదు. ఆయన నిశ్చింతగా నిద్రపోగలిగాడంటే, తలుపవతల నేను మేలుకుని ఉన్నానని తెలుసు గనక. నేను జోకొడుతూ ఎన్నిసార్లు నిద్రపోయానో చెప్పలేను, కానీ ప్రతిసారీ పన్నెండింటికి ఉలిక్కిపడి లేచేదాన్ని, స్టవ్ కట్టేశానా, వ్యాసం ఏమైంది అనుకుంటూ.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఆ రాత్రి, "ఇక్కడే ఉన్నా" అన్న తర్వాత మరో ముప్పావుగంట గడిచింది. పాప పడుకోలేదు. వారం కింద దానికి జలుబు చేస్తే డాక్టరు రాసిన సిరప్ సీసా అలమరలో ఇంకా సగం ఉంది. అది తాగిన రాత్రులు పాప మత్తుగా, కదలకుండా పడుకోవడం నాకు గుర్తుంది. జలుబు అప్పటికే తగ్గింది. ఆ సాయంత్రం ఒకసారి తుమ్మింది. ఆ ఒక్క తుమ్ముని పట్టుకున్నాను. "ముక్కు కారుతున్నట్టుంది, కొంచెం మందు తాగు" అన్నాను. తీపి మందు, సంతోషంగా తాగింది. ఇరవై నిమిషాల్లో నిద్రపోయింది. నేను ఒంటిగంట దాకా రాశాను. రాస్తూ రాస్తూ మధ్యలో నాలుగుసార్లు లేచి వెళ్ళి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

పొద్దున్నే మామూలుగా లేచింది. ఏమీ కాలేదు. కానీ అలాంటి జలుబు మందుల్లో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపినవి నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడకూడదని సీసాల మీద రాయాల్సిందేనని 2023 డిసెంబరులో మన ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించినప్పుడు, ఆ వార్త చదువుతూ పదహారేళ్ళ కిందటి ఆ వేలిని మళ్ళీ చూసుకున్నాను.

ఇది నేను కనిపెట్టిన పాపమేం కాదు. బొంబాయి మిల్లుల్లో పనిచేసే స్త్రీలు పసిపిల్లలకి నల్లమందు కలిపిన మాత్రలు పెట్టి పనికి వెళ్ళేవాళ్ళు. బాలగోలీలనేవాళ్ళు వాటిని. 1931లో వచ్చిన రాయల్ కమిషన్ నివేదికలో ఆ ప్రస్తావన ఉంది. ఇంగ్లండు మిల్లు పట్టణాల్లో గాడ్‌ఫ్రీస్ కార్డియల్ అనే నల్లమందు పానకం అదే పని చేసింది, మార్క్స్ పెట్టుబడి గ్రంథంలో కూడా ఆ సంగతి ఎత్తాడు. ఇళ్ళల్లో అందరూ పట్టించిన గ్రైప్ వాటర్లో ఒకప్పుడు ఆల్కహాలు ఉండేది. తల్లుల అజ్ఞానమని డాక్టర్లు తిట్టారు. అప్పటి ఫ్యాక్టరీ చట్టం రోజుకి పదకొండు గంటల పనిని అనుమతించేది. పదకొండు గంటలు మగ్గం దగ్గర నిలబడే మనిషి పిల్లని ఎవరి చేతుల్లో పెట్టాలో ఆ తిట్టినవాళ్ళు చెప్పారా?

ఆ మిల్లు స్త్రీని నేను వెంటనే క్షమించగలిగాను. నన్ను నేను క్షమించుకోలేకపోయాను. కూలికోసం చేసింది కాబట్టి ఆవిడది అవసరం, వ్యాసం కోసం చేశాను కాబట్టి నాది విలాసం అనుకున్నాను. ఈ తేడా దగ్గర చాలాకాలం ఆగిపోయాను. ఆకలి అయితే తల్లిని క్షమిస్తాం. ఒక నవల చదువుకోవాలని, ఊరికే కిటికీ దగ్గర కూర్చోవాలని పిల్ల పడుకుంటే బాగుండుననుకున్న తల్లిని ఎందుకు క్షమించం? తండ్రి క్రికెట్ చూడాలనుకుంటే ఆ కోరికని ఎవరైనా తూకం వేస్తారా?

ఇప్పుడు నాకనిపిస్తున్నది ఇది. ఏకాంతం కోరుకోవడం తప్పు కాదు. దానికి కారణం చూపించాల్సిన పని కూడా లేదు, అది వ్యాసమైనా, ఊరికే కూర్చోవడమైనా. తప్పు మందు పట్టించడంలో ఉంది. అంతకన్నా లోతైన తప్పు ఇంకోటుంది, అది చాలా ఆలస్యంగా కనపడింది. పక్కగదిలో టీవీ నడుస్తోంది. ఆ రాత్రి నా రెండు గంటలకి ఎవరో ఒకరు ధర చెల్లించాలి. నేను ఆ తలుపు కొట్టి, "లే, ఈ రాత్రి నువ్వు పడుకోబెట్టు, అది ఏడ్చినా సరే, నువ్వు నిద్రపోయినా సరే లేచి మళ్ళీ పడుకోబెట్టు" అని ఉండాల్సింది. అంటే గొడవ. గొడవకి భయపడి అలమర తెరిచాను. ఎదురు చెప్పగల మనిషిని అడగడం కష్టమనిపించి, ఎదురు చెప్పలేని మనిషికి చెంచాతో పట్టించాను. స్త్రీవాదం మీద వ్యాసం రాయడానికి.

ఇంకొకరున్నారు ఈ లెక్కలో. పాపకి మూడేళ్ళు దాటాక మధ్యాహ్నాలు చూసుకోవడానికి ఒకామె వచ్చేది. మా పాపని కాళ్ళమీద వేసుకుని పది నిమిషాల్లో నిద్రపుచ్చేది, నాకు అసూయగా ఉండేది. ఆమెకీ ఏడాదిన్నర బాబున్నాడు. వాడినెవరు చూస్తున్నారని అడగడానికి నాకు రెండు నెలలు పట్టింది. "పెద్దపిల్ల ఉంది గదమ్మా, తొట్టెల ఊపుతుంటది" అంది. పెద్దపిల్లకి తొమ్మిదేళ్ళు. బడి మానేసింది. మన లాలిపాటల్లో ఊయల ఊపేది ఎప్పుడూ తల్లే. తొమ్మిదేళ్ళ అక్కల గురించి పాటలు నేనెక్కడా వినలేదు. ఆ పిల్లని బడిలో వేయిద్దామని తిరిగాం. బాబుని అంగన్‌వాడీలో దింపితే మధ్యాహ్నానికే ఇంటికి పంపేసేవాళ్ళు. ఆ తర్వాత ఎవరు ఊపాలి? ఆమె జీతం పెంచాను, పనిగంటలు తగ్గించాను. పిల్ల కొన్నాళ్ళు బడికి వెళ్ళింది. తర్వాత వాళ్ళు గది ఖాళీ చేసి వెళ్ళిపోయారు. చట్టం 2017లో యాభైమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట పిల్లల గది ఉండాలంది. మా వంటింట్లో ఒక్కామే పనిచేసేది.

మా పాప ఇప్పుడు డిగ్రీ అయిపోయి ఉద్యోగంలో ఉంది. రాత్రి రెండింటి దాకా పడుకోదు, గది తలుపేసుకుంటుంది. పోయిన సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు సిరప్ సంగతి చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను. ఫోను పక్కన పెట్టి కాసేపు నావైపు చూసింది.

"నాన్న ఇంట్లో లేడా?" అంది.

"ఉన్నాడు."

"మరి?"

ఏం చెప్పాలో తెలీలేదు. కాసేపాగి అదే మళ్ళీ అడిగింది, అంతకీ ఆ వ్యాసం అచ్చయిందా అని. అయిందన్నాను. ఎక్కడుంది, చూపించమంది. అటకమీద పాత సంచికలన్నీ దింపి ఇద్దరం వెతికాం. దొరకలేదు.