వంశం, నేరం, పేరు: ‘స్టార్ ట్రెక్’ పూర్వకథలో ప్రతినాయకుని వారసురాలు

ఉపోద్ఘాతం

కావ్యేతిహాసాలలో ప్రతినాయకుని బంధువుది ఎప్పుడూ ఇరకాటమైన స్థానమే. విభీషణుడు, ప్రహ్లాదుడు, వికర్ణుడు ముగ్గురూ తమ గుణం చేత కాక ముందుగా తమ వారి చేతనే పరిచయమవుతారు. రావణుని తమ్ముడు, హిరణ్యకశిపుని కొడుకు, దుర్యోధనుని సోదరుడు అని చెప్పిన తరువాతనే వారి మాట మనకు వినిపిస్తుంది. ఈ స్థితి పురాణేతిహాసాలకే పరిమితం కాదని ఆధునిక వైజ్ఞానిక కల్పన చూపుతున్నది. 2022లో మొదలైన ‘స్టార్ ట్రెక్: స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్’ అనే అమెరికన్ టెలివిజన్ ధారావాహికలో లా’ఆన్ నూనియన్-సింగ్ అనే పాత్ర చుట్టూ అభిమానులలో సాగుతున్న వాదోపవాదాలు ఇందుకు మంచి ఉదాహరణ. పైకి ఇది కథాసంగతికి సంబంధించిన తగవు. లోతుకు పోతే, ఒకరు చేసిన నేరం రక్తం ద్వారా గాని, పేరు ద్వారా గాని మరొకరికి సంక్రమిస్తుందా అన్న నైతిక ప్రశ్న ఇందులో ఉంది. ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కథా నేపథ్యం

1967లో ప్రసారమైన ‘స్పేస్ సీడ్’ అనే భాగంలో ఖాన్ నూనియన్ సింగ్ తొలిసారి కనిపిస్తాడు. జన్యుపరమైన మార్పులతో సామాన్య మానవుల కంటే బలవంతులుగా, మేధావులుగా రూపొందించబడిన వారిలో అతడొకడు. ఆ కథ ప్రకారం భూమిలో నాలుగో వంతుకు మించిన భాగాన్ని నిరంకుశంగా ఏలాడు. అతడు ఉత్తర భారతానికి చెందినవాడు, బహుశా సిక్కు అని ఆ భాగంలోనే ఒక పాత్ర ఊహిస్తుంది. ఆ పాత్రను ధరించిన రికార్డో మోంటల్బాన్ మాత్రం మెక్సికోలో పుట్టిన నటుడు. 1982 నాటి ‘ది రాత్ ఆఫ్ ఖాన్’ చలనచిత్రంతో ఖాన్ ఆ కథాప్రపంచంలో ప్రధాన ప్రతినాయకుడిగా స్థిరపడ్డాడు. అతని నాటి యుద్ధాల జ్ఞాపకం వల్లనే ఫెడరేషన్ జన్యు మార్పులను నిషేధించిందని తరువాతి కథలు చెబుతాయి.

‘స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్’ కథాకాలం ‘స్పేస్ సీడ్’ కంటే ముందుది. ఎంటర్‌ప్రైజ్ నౌకలో భద్రతాధికారిణి అయిన లా’ఆన్ ఖాన్ వంశీయురాలు. బాల్యంలో గోర్న్ అనే జాతి దాడిలో కుటుంబాన్ని పోగొట్టుకొని ఒంటరిగా బతికి బయటపడింది. అంతకంటే దీర్ఘంగా ఆమెను వెంటాడినది ఆమె ఇంటిపేరు.

అభిమానుల పక్షాలు

ఈ పాత్రపై వచ్చిన అభ్యంతరాలను మూడు విధాలుగా విభజించవచ్చు. మొదటిది సంగతి దోషం. లా’ఆన్‌తో కలిసి పనిచేసిన స్పాక్, ఆమెను ఎరిగిన కర్క్ తరువాతి కాలంలో ఖాన్‌ను ఎదుర్కొన్నప్పుడు అదే పేరుగల సహచరిని ఒక్కసారైనా ఎందుకు తలచుకోలేదని వీరి ప్రశ్న. 1967లో రాసిన కథకు 2022లో కల్పించిన పాత్ర తెలియదన్నది అసలు కారణం. కథ లోపలి సమాధానం కావాలనుకునేవారు, ఖాన్ మొదట తన పూర్తి పేరు చెప్పలేదని గుర్తుచేస్తారు.

రెండవది ఔచిత్య దోషం. అంత విశాలమైన విశ్వంలో పాత ప్రతినాయకుని పేరే మళ్లీ అవసరమైందా, ఇది అరువు తెచ్చుకున్న ఆకర్షణ కాదా అన్నది ఈ పక్షం. మూడవది నైతికమైనది, ఈ వ్యాసానికి ముఖ్యమైనది. అంత దుష్కీర్తి గల పేరును ఆ కుటుంబం తరతరాలుగా ఎందుకు ఉంచుకున్నది? లా’ఆన్ ఎందుకు మార్చుకోలేదు? ఉంచుకోవడమే ఒక విధమైన అంగీకారం కాదా?

ఈ మూడవ ప్రశ్న అడిగినవారు తెలియకుండానే ఒక సూత్రాన్ని అంగీకరిస్తున్నారు. పేరు మార్చుకోవలసిన బాధ్యత వారసురాలిదైతే, ఆ పేరులోని దోషం ఆమెదే అయినట్లు. ఎవరూ ఆమెను నేరస్తురాలు అనలేదు. అయినా శుద్ధి చేసుకోవలసిన అవసరాన్ని ఆమెపై మోపారు.

సామెతల సాక్ష్యం

ఈ విషయంలో మన లోకోక్తులు రెండు దిక్కులా మాట్లాడతాయి. ‘విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా’ అంటుంది ఒక సామెత. ‘మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి’ అన్న మరొక సామెత వంశప్రతిష్ఠను చూపి బతికేవారిని ఎగతాళి చేస్తుంది. తాతల నేతి వాసన మనుమల మూతికి అంటదని నవ్వగలిగిన సమాజం, తాతల చేతి నెత్తురు మాత్రం మనుమల చేతికి అంటుతుందని నమ్మడం తర్కానికి నిలవదు. కీర్తి విషయంలో వంశాన్ని తోసిపుచ్చే న్యాయం అపకీర్తి విషయంలోనూ వర్తించాలి.

ఇక్కడ ఒక పూర్వపక్షం రావచ్చు. భాగవతం దశమ స్కంధంలో శ్రీకృష్ణుడు బాణాసురుని చేతులు ఖండించి కూడా ప్రాణం తీయడు. ప్రహ్లాదుని వంశంలో పుట్టినవారిని చంపనని ఇచ్చిన వరమే అందుకు కారణం. సప్తమ స్కంధంలో ప్రహ్లాదుని భక్తి వల్ల అతని తండ్రితో పాటు ఇరవై ఒక్క తరాలవారు పవిత్రులయ్యారని నరసింహుడు చెబుతాడు. పుణ్యం వంశం వెంట పైకీ కిందికీ ప్రవహించగలిగితే పాపం ఎందుకు ప్రవహించకూడదు?

ఈ రెండింటి స్వభావం వేరు. అనుగ్రహం దానం వంటిది. అర్హత లేనివానికి దానం చేస్తే దాత ఉదారుడవుతాడు గాని అన్యాయం చేసినవాడు కాడు. శిక్ష అలాంటిది కాదు. అర్హత లేనివానికి విధించిన మరుక్షణం అది అన్యాయమవుతుంది. కాబట్టి వరం వంశానుగతం కావచ్చునన్న వాదం నుంచి దండన వంశానుగతం కావచ్చునన్న నిర్ణయం రాదు. పైగా తండ్రిని పవిత్రం చేయమని ప్రహ్లాదుడు తానై కోరాడు. ఎవరూ అతనిపై ఆ భారం పెట్టలేదు. లా’ఆన్ తన పూర్వికుని పేరుకు పట్టిన మకిలిని కడిగివేయాలని ఆశించే అభిమానులు ఈ భేదాన్ని గమనించరు. స్వేచ్ఛగా చేసినప్పుడు అది ఉదాత్తత. విధిగా చేయమన్నప్పుడు అది మరో పేరుతో వచ్చిన శిక్ష.

‘అయినా’ అనే మాట

రాక్షస కులంలో పుట్టినా విభీషణుడు ధర్మాత్ముడు అని మనం మెచ్చుకుంటాం. ఈ మెప్పులోని ‘పుట్టినా’ అన్న పదాన్ని పరిశీలించాలి. అది వ్యక్తిని పైకెత్తుతూనే అతని వంశంపై తీర్పును యథాతథంగా ఉంచుతుంది. బురదలో పద్మం అన్నప్పుడు పద్మానికి ప్రశంస దక్కుతుంది, బురద బురదగానే మిగులుతుంది.

ధారావాహిక రెండవ సీజన్‌లో ఈ విషయం న్యాయస్థానానికి చేరుతుంది. ఉప నాయకురాలు ఊనా చిన్-రైలీ ఇల్లిరియన్ జాతికి చెందినది. జన్యు మార్పులు ఆ జాతి సంప్రదాయం. తన పుట్టుకను దాచి ఫెడరేషన్ కొలువులో చేరినందుకు ఆమెపై విచారణ జరుగుతుంది. ఆమె ఆశ్రయం కోరి వచ్చినదన్న వాదంతో నిర్దోషిగా బయటపడుతుంది. చట్టం మాత్రం మారదు. ఊనాకు ఖాన్‌తో రక్తసంబంధం లేదు. అయినా ఖాన్ పట్ల భయం ఆమెను దోషిగా నిలబెట్టింది. వంశీయురాలైన లా’ఆన్ సమాజపు అనుమానాన్ని మోస్తే, వంశీయురాలు కాని ఊనా చట్టపు అనుమానాన్ని మోసింది. బాల్యంలో తన్ను ఆదుకొన్న ఊనా రహస్యం తెలిసినప్పుడు లా’ఆన్ మొదట కోపగించడం మరింత గమనార్హం. పుట్టుక పేరిట నింద పడినవారు ఆ నిందను తిరస్కరిస్తారనే నియమం లేదు. ఒక్కోసారి దానిని మరొకరి వైపు మళ్లిస్తారు.

కల్పన నుంచి చరిత్రకు

పుట్టుకను సాక్ష్యంగా స్వీకరించే చట్టం కల్పితం మాత్రమే కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన నేరస్థ తెగల చట్టం కొన్ని సమూహాలను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసింది. 1911 నాటి చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ విస్తరించింది. పోలీసుల వద్ద హాజరు, రాకపోకలపై నిర్బంధం, పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం ఆ చట్టాల పరిధిలోనివి. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం ఆ విధానం నుంచి పుట్టిన సెటిల్‌మెంటు. ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో అక్కడ ఉంచారు. చట్టం 1952లో రద్దయింది. ఊరి పేరు మాత్రం తెలుగునాట చాలాకాలం దొంగతనానికి పర్యాయంగా చెలామణి అయింది. చట్టం తీసివేసిన ముద్రను భాష నిలిపి ఉంచిందన్నమాట. స్టూవర్టుపురంవాడు ‘అయినా’ మంచివాడు అన్న ప్రశంస వినవలసి వచ్చిన వ్యక్తికి, ఆ ప్రశంసలో ఎంత భాగం నిందో వివరించనక్కరలేదు. సాహిత్య విద్యార్థులు ఈ అంశాన్ని పట్టించుకోవలసిన కారణం కూడా ఇదే: ముద్ర చివరికి బతికేది మాటలోనే.

బాలుడైన ఖాన్

రెండవ సీజన్ మూడవ భాగంలో లా’ఆన్ గతకాలపు టొరంటో నగరానికి చేరుతుంది. అక్కడ బాలుడైన ఖాన్‌ను చంపడానికి ఒక రోములన్ గూఢచారిణి పొంచి ఉంటుంది. ఖాన్ లేకపోతే ఆ యుద్ధాలు లేవు. అయితే ఆ యుద్ధాల తరువాత మానవులు నేర్చిన పాఠమూ లేదు, ఫెడరేషనూ లేదు. లా’ఆన్ ఆ బాలుని కాపాడుతుంది.

ఆమె ఉద్దేశం పూర్తిగా నిష్కామం అనలేం. తన కాలం, తన లోకం కూడా ఆ ప్రాణంపైనే ఆధారపడి ఉన్నాయి. అయినా ఇక్కడ ఒక సూత్రం నిలుస్తుంది. తాను చేయని పనికి తన్ను నిందించవద్దని లా’ఆన్ జీవితమంతా కోరింది. ఎదురుగా ఉన్న బాలుడు కూడా ఇంకా ఏ పనీ చేయలేదు. గతం మోపిన నేరం ఆమెకు చెల్లనట్లే భవిష్యత్తు మోపబోయే నేరం ఆ క్షణాన అతనికి చెల్లదు. తనకు కోరిన న్యాయాన్ని తన జీవితాన్ని చేదు చేసినవానికే ఇవ్వవలసి రావడం ఆ సూత్రానికి అసలు పరీక్ష.

వారసులు ఎవరు?

జర్మన్ తత్త్వవేత్త కార్ల్ యాస్పర్స్ 1946లో అపరాధాన్ని చట్టపరమైనది, రాజకీయమైనది, నైతికమైనది, పారమార్థికమైనది అని నాలుగు విధాలుగా విభజించాడు. హన్నా ఆరెంట్ అపరాధానికీ బాధ్యతకూ భేదం చెప్పింది. అపరాధం చేసినవానిదే, బాధ్యత మాత్రం ఒక రాజకీయ సమాజంలో సభ్యులైనందువల్ల చేయని పనుల పట్ల కూడా కలుగవచ్చు. ఈ భేదం ప్రస్తుత చర్చకు ఉపకరిస్తుంది. లా’ఆన్‌కు ఖాన్ పట్ల బాధ్యత ఏదైనా ఉంటే అది రక్తం వల్ల వచ్చినది కాదు. అతని యుద్ధాల శిథిలాలపై వెలసిన సమాజంలో పౌరురాలైనందువల్ల వచ్చినది. ఆ బాధ్యత ఆమెకు ఎంతో కర్క్‌కూ అంతే, స్పాక్‌కూ అంతే. కథ ప్రకారమే ఖాన్ లేకుండా ఫెడరేషన్ లేదు కాబట్టి, అతనికి అందరూ వారసులే. పేరు ఒక్కతెకు మిగిలింది.

ముగింపు

పేరు ఎందుకు మార్చుకోలేదన్న ప్రశ్నను ఇప్పుడు తిరిగి పరిశీలించవచ్చు. ఒక్క వ్యక్తి పేరు మార్చుకుంటే ఆ చరిత్రను అందరూ సులభంగా మరచిపోగలుగుతారు. దాని ఫలాలను మాత్రం అనుభవిస్తూనే ఉంటారు. ఆ మరపుకు తోడ్పడవలసిన విధి ఆమెకు లేదు. మార్చుకొని ఉంటే అదీ ఆమె హక్కే. ఆ నిర్ణయంలో నేరాంగీకారాన్ని వెదకడం తగదు. పేరు వినగానే కలిగే భయాన్ని అదుపులో పెట్టుకోవలసిన బాధ్యత వినేవారిది. పాత్రను పరిచయం చేసేటప్పుడు ‘ఫలానావాని మనుమరాలైనా’ అని రాసే ముందు ఆ ‘అయినా’ ఎవరి అవసరమో ఒకసారి విచారించుకోవడం విమర్శకులకూ తగిన పని.