వంగడానికి పేరు: నిత్యమా, సంకేతమా?

అహోబిలంలో నరసింహస్వామి ఒక్కడే అయినా తొమ్మిది పేర్లతో పూజలందుకుంటాడు. వాటిలో కరంజ నరసింహుని పేరు కానుగ చెట్టును బట్టీ, ఛత్రవట నరసింహుని పేరు గొడుగులా పరచుకున్న మర్రిని బట్టీ వచ్చాయి. పూల ప్రదర్శనల లోకంలో క్రమం ఇందుకు విరుద్ధం: వ్యవసాయ శాస్త్రవేత్త బి.పి. పాల్ సృష్టించిన 'ఢిల్లీ ప్రిన్సెస్' గులాబీ వంటి వంగడానికి, అంటే మనిషి ఎంచి పెంచిన రకానికి, నమోదైన ఒకే పేరు అంటుకట్టిన మొక్కలన్నిటికీ చెల్లుతుంది. 1953లో తొలిసారి వెలువడిన సాగుమొక్కల నామకరణ అంతర్జాతీయ నియమావళి లక్ష్యం ఈ స్థిరత్వమే.

అయితే ఆ పేరు దేనిని చెబుతుంది? పదం జాతిని, అనగా అనేక వ్యక్తులలో సమానంగా ఉండే ధర్మాన్ని, తెలుపుతుందనీ, పదానికీ అర్థానికీ గల సంబంధం నిత్యమనీ భారతీయ దర్శనాలలో మీమాంసకులు వాదించగా, అది సంకేతమేనని, అంటే ఈ పదానికి ఈ అర్థమన్న ఏర్పాటేనని, న్యాయదర్శనానికి చెందిన నైయాయికులు నిలబెట్టారు. పేరు పెట్టిన సందర్భాన్ని నమోదు పుస్తకమే చూపుతున్నందున వంగడాల విషయంలో న్యాయమతమే బలమైనది. కానీ తొలి మొక్క ఎండిపోయినా పేరు నిలిచి ఉండడాన్ని మీమాంసకుల జాతివాదమే చక్కగా వివరిస్తుంది. పేరు సంకేతమే అయినప్పుడు దానిని కాపాడే భారం మనుషులదే గనుక, తెలిసీ తప్పుడు పేరుతో పువ్వును పోటీలో నిలపడం కేవలం నియమోల్లంఘన కాదు, అసత్యదోషం.