ఏది తితిక్ష?

మా అత్తగారికి అయిదు కాన్పులు. చివరి కాన్పు తర్వాత గర్భసంచి జారింది. నిలబడితే కింద బరువు, దగ్గితే మూత్రం. పాత నేతచీర ముక్కలు మడతపెట్టి కట్టుకునేవారు. తెల్లవారకముందే వాటిని ఉతికి, దొడ్డిగోడ వెనక ఎవరి కంటా పడకుండా ఆరేసుకునేవారు. కార్తీకమాసంలో గుడికి రమ్మంటే, "మడి నిలవని ఒళ్ళమ్మా, ఎలా వస్తాను? ప్రాప్తం, అనుభవించాలి" అనేవారు. బంధువులందరికీ ఆవిడ ఓర్పంటే గౌరవం.

ఆ ఓర్పుకు వేదాంతంలో చోటుందా? శంకరులదని చెప్పే వివేకచూడామణిలో తితిక్ష అంటే, వచ్చిన దుఃఖాలకు ప్రతిక్రియ తలపెట్టకుండా భరించడమే. ఆ ఒక్క ముక్కే చూస్తే మా అత్తగారు తపస్విని. కానీ చింతా విలాపమూ కూడా ఉండకూడదని ఆ శ్లోకమే అంటుంది. పైగా అది మోక్షం కోరి అన్నీ విడిచిపెట్టేవారికి చెప్పిన సాధన. ఆవిడ సంసారాన్ని విడవలేదు, గుడిని విడిచారు. రాత్రుళ్ళు ఏడవడం నేను విన్నాను. సిగ్గుతో, ఎవరేమంటారోనన్న భయంతో మోసిన బాధను తితిక్ష అనడం శాస్త్రానికే అన్యాయం. చరకసంహిత చికిత్సాస్థానం ఇలాంటి స్త్రీల వ్యాధులు ఇరవై చెప్పి, చోటు తప్పిన భాగాన్ని నూనెతో, కాపడంతో మెత్తబరచి మళ్ళీ లోపలికి సర్దాలంది. ప్రాప్తమని వదిలెయ్యమనలేదు.

నాకు యాభై దాటాక, పారాయణ మధ్యలో దగ్గొస్తే చీర తడవడం మొదలైంది. డాక్టరమ్మ ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపింది. "గాలి పోకుండా ఆపుకుంటారు కదండీ, ఆ కండరాన్నే లోపలికి, పైకి లాగండి. పొట్ట బిగించొద్దు, ఊపిరి ఆపొద్దు" అంటూ ఆ అమ్మాయి నా పొట్టమీద చెయ్యి ఆనించి చూసింది. అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో వెలుగులోకి తెచ్చిన వ్యాయామం అది. రోజూ మానకుండా చేస్తే మూడు నెలలకు చాలామందికి గుణం కనిపిస్తుంది. నాకు కనిపించింది. గర్భసంచి జారినవాళ్ళకు లోపల అమర్చే సిలికాన్ రింగు ఉంది, అవసరమైతే ఆపరేషనూ ఉంది. గర్భసంచి తీయించేసుకుంటే పీడ పోతుందనే మాట మన రెండు రాష్ట్రాల్లోనూ ఎక్కువ. అది తీసేసినంత మాత్రాన కింది కండరాలకు బలం రాదు, తొందరపడకండి.

మూత్రంలో రక్తం కనబడితే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. తక్కిన బాధలకు డాక్టరు దగ్గర "దగ్గితే పడుతోంది", "కింద ఏదో జారినట్టుంది" అని ఒక్క మాట పైకి అనండమ్మా, మిగతావి ఆవిడే అడుగుతుంది. ఈలోగా బట్ట మార్చుకుని గుడికి వెళ్ళండి. మడి ఎక్కడికీ పోదు.