పాత ఫ్రేము, కొత్త అద్దాలు

నాన్న పోయాక మిగిలిన చలువ కళ్ళజోడుకి అద్దాలు మారిస్తే, అది ఇంకా నాన్న కళ్ళజోడేనా? ఎలమంచిలిలో ఏ కళ్ళజోళ్ళ షాపులో అడిగినా నవ్వుతారు. ప్రశ్న మాత్రం పాతదే. ఒక్కో చెక్కా మార్చుకుంటూ వచ్చిన థీసియస్ ఓడ అదే ఓడా అన్న వాదన గురించి ప్లూటార్క్ రాశాడు. తీసేసిన చెక్కలతో రెండో ఓడ కడితే అసలుది ఏదని హాబ్స్ మెలిక పెట్టాడు. 'మిళిందపన్హ'లో నాగసేనుడు రాజుని అడుగుతాడు: ఇరుసు రథమా, చక్రం రథమా? ఏదీ కాదు. అన్నీ కలిసినప్పుడు పెట్టుకున్న పేరే రథం. బొజ్జన్నకొండకి దగ్గరున్న ఊరికి ఈ జవాబు పరాయిదేం కాదు.

కానీ నాకు అది సగం జవాబే అనిపిస్తుంది. కళ్ళజోడులో భాగాలన్నీ సమానం కాదు. ఫ్రేము నాన్నని గుర్తుచేస్తుంది, అద్దం కంటికి కాపలా కాస్తుంది. ప్రేమ కొద్దీ మనం ముందు వెతికేది పాత రంగునే. రంగు వేరు, రక్షణ వేరు. 400 నానోమీటర్ల దాకా అతినీలలోహిత కిరణాల్ని ఆపని ముదురు అద్దం వెనక కంటిపాప పెద్దదవుతుంది, ఆ కిరణాలకి దారి ఇంకా వెడల్పవుతుంది. అచ్చం పాతదానిలా కనబడుతూ, దాని పని మాత్రం చెయ్యని అద్దం అది. జ్ఞాపకం పేరుతో మనం చేసే చాలా పనులు ఇలాంటివే.

పోలరైజ్డ్ అద్దం వేస్తే నీళ్ళ మీద మెరుపు తగ్గుతుంది, ఫోన్ తెర కొన్ని కోణాల్లో నల్లబడుతుంది. నాన్న చూసిన లోకం అది కాదు. అయినా నిలబెట్టాల్సింది ఆయన చూసిన రంగునా, ఆయన కళ్ళజోడు పెట్టుకున్న కారణాన్నా? నా మటుకు నాకు కారణమే. గీతలు పడ్డ పాత అద్దాల్ని కాగితంలో చుట్టి దాచుకోవచ్చు. హాబ్స్ రెండో ఓడ బీరువాలో ఉంటుంది. ఎండలోకి మాత్రం మొదటిదే వెళ్ళాలి.