ఇంటి గుట్టు, బిడ్డ కన్నీరు



ఇటీవల ఒక శనివారము మా దేవాలయములో ప్రార్థనకూటమునకు బదులు ఒక శిక్షణ జరిగెను. జిల్లా బాలల పరిరక్షణ విభాగమునుండి ఒక సహోదరి వచ్చి, బిడ్డలమీద జరుగు దౌర్జన్యమును, ఇండ్లలో జరుగు హింసను మనమెట్లు గుర్తింపవలెనో, ఎవరికి తెలుపవలెనో మూడు గంటలసేపు బోధించిరి. స్త్రీలు చాపలమీద కూర్చుండి శ్రద్ధగా వినిరి. పురుషులలో పలువురు గడపయొద్దనే నిలిచియుండిరి. చివర సంఘపెద్ద యొకరు లేచి, “అయ్యగారూ, ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు గదా. కుటుంబ సంగతిని పోలీసులకు చెప్పుట విశ్వాసికి తగునా? ప్రార్థనచేసి మనలో మనము సరిదిద్దుకొనరాదా?” అని అడిగిరి. ఆయన చెడ్డ తలంపుతో అడుగలేదు. ఈ ప్రశ్న అనేక సంఘములలో ఉన్నదే గనుక వ్రాయుచున్నాను.

ఆ సామెతను ఒక్కమారు నిదానించి చూడుడి. లంక చెడినది విభీషణుడు చెప్పినందునా, రావణుడు చేసినందునా? పరుని భార్యను ఎత్తుకొని వచ్చిన దినముననే ఆ యింటికి నిప్పంటుకొనెను. చేసినవానిని విడిచి, చెప్పినవానిని నిందించు అలవాటు మనకెంత పాతదో ఈ సామెతయే సాక్ష్యమిచ్చుచున్నది.

ఇక నా తప్పు చెప్పుకొందును. నేను సెమినరీ ముగించి కాపరిగా వచ్చిన తొలి యేండ్లలో, ఒక రాత్రి ఒక తల్లి ఏడ్చుచు మా యింటికి వచ్చెను. 9 ఏండ్ల తన కుమార్తెను దగ్గరి బంధువొకడు పాడుచేయుచున్నాడని చెప్పెను. నేను పెద్దలను పిలిపించితిని. ఆ మనుష్యుని మందలించితిమి. అతడు మోకాళ్లూని ఏడ్చెను. తల్లిచేత “క్షమించితిని” అనిపించితిమి. ప్రార్థించి, టీ త్రాగి లేచితిమి. సంఘము పరువు దక్కినదని ఆ రాత్రి నేను సుఖముగా నిద్రించితిని. అతడు ఆ యింటికి రాకపోకలు మానలేదు. కొన్ని నెలలకు ఆ బిడ్డయే ఆదివారపు బడికి వచ్చుట మానెను. ఎందుకని నేను అడుగలేదు. చాల ఏండ్లకు ఒక పెండ్లిలో ఆమె కనబడి, “ఆ రాత్రి మీరు అందరితో మాట్లాడినారు అయ్యగారూ. నన్ను మాత్రము ఒక్క మాట అడుగలేదు” అనెను. నాయొద్ద జవాబు లేకపోయెను.

రెండవ సమూయేలు 13వ అధ్యాయమును మన ప్రసంగములలో తరచుగా దాటిపోవుదుము. వ్యాధి నటించి, తనకు చెల్లెలైన తామారును అమ్నోను చెరిపెను. ఆమె మౌనముగా ఉండలేదు. బూడిద చల్లుకొని, వస్త్రము చింపుకొని, వీధిలో ఏడ్చుచు వెళ్లెను. ఊరకుండుమని చెప్పినవాడు ఆమె సొంత అన్న అబ్షాలోమే. దావీదు విని కోపముతో మండిపడెను. అంతే. కోపము తప్ప అతడు చేసిన పని ఏదియు అక్కడ కనబడదు. తండ్రియు రాజును న్యాయము తీర్చవలసినవాడును అతడే గదా! రెండేండ్లకు గొర్రెలబొచ్చు కత్తిరించు విందులో అబ్షాలోము అమ్నోనును చంపించెను. పిమ్మట తండ్రిమీదనే తిరుగబడెను. గుట్టు దాచుకొన్న ఆ యిల్లు నిలువలేదు. నా తొలి యేండ్ల పరిచర్యలో నేనును దావీదునే. కోపపడితిని, కన్నీరు కార్చితిని, బిడ్డకొరకు ఏమియు చేయలేదు.

అయితే క్షమాపణ మాటేమని మీరడుగవచ్చును. అప్పు ఎవరికి రావలెనో వారే దానిని కొట్టివేయగలరు. ఆ బిడ్డకు రావలసిన అప్పును పెద్దలమైన మేము కొట్టివేసి, దానికి క్షమాపణయని పేరు పెట్టితిమి. జక్కయ్య మారుమనస్సు పొందినప్పుడు ఏడ్చి ఊరకుండలేదు. అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు ఇచ్చెదననెను. నిజముగా పశ్చాత్తాపపడినవాడు న్యాయమునకు తల యొగ్గును. చెరలో ఉన్నవానికొరకును మనము ప్రార్థింపవచ్చును. వానిని బిడ్డ దరిని విడిచిపెట్టి ప్రార్థించుట ఎట్టి ప్రార్థన?

కేంద్ర ప్రభుత్వము 2007లో ప్రకటించిన అధ్యయనములో 13 రాష్ట్రముల బిడ్డలను విచారింపగా, వారిపట్ల లైంగికముగా తప్పు చేసినవారిలో సగముమంది తెలిసినవారు, నమ్మదగిన స్థానములో ఉన్నవారు అని తేలెను. అపాయము గడప లోపలనే ఉన్నప్పుడు గడప దాటకుండ దానిని తీర్చుట ఎట్లు? 2012లో చేయబడిన పోక్సో చట్టము ప్రకారము 18 ఏండ్లలోపు బిడ్డపై ఇట్టి నేరము జరిగినదని తెలిసిన ప్రతివారును పోలీసులకు తెలుపవలెను. తెలుపనియెడల ఆరు నెలలవరకు జైలు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపబడును. తన క్రింది పనివాడు చేసిన నేరమును దాచిన సంస్థాధికారికి ఒక సంవత్సరమువరకు జైలు. హాస్టళ్లు నడుపు మనవారు ఈ వాక్యమును రెండుమారులు చదువుదురు గాక. కాపరికి మినహాయింపు లేదు. మంచి మనస్సుతో తెలిపినవారికి చట్టమే కాపుదల.

పోలీసులనగానే బిడ్డ బెదరునని తల్లుల భయము. బిడ్డ మాటను ఇంటియొద్ద గాని బిడ్డ కోరిన చోట గాని, యూనిఫారము లేకుండ, సాధ్యమైనంతవరకు మహిళా అధికారియే వ్రాసికొనవలెనని నియమము. రాత్రి బిడ్డను స్టేషనులో ఉంచరాదు. ఆ సహోదరి మరియొకటి నేర్పిరి: బిడ్డ నోరు తెరచినప్పుడు వకీలువలె ప్రశ్నలు వేయకుడి, ఎవరికిని చెప్పనని మాట ఇయ్యకుడి, తప్పు నీది కాదని చెప్పి, 1098కి గాని 112కు గాని ఫోను చేయుడి. రుజువులు వెదకుట మన పని కాదు.

భార్యను కొట్టువారిని గూర్చియు ఒక మాట. ఇల్లు విడువవలసివచ్చునని అనేక స్త్రీలు దెబ్బలు ఓర్చుకొందురు. 2005 నాటి గృహహింస చట్టము ఆమెకు ఆ యింటనే నివసించు హక్కు ఇచ్చుచున్నది. రక్షణాధికారికి ఆమెయే గాక పొరుగువారును తెలుపవచ్చును.

శిక్షణ ముగిసి అందరు వెళ్లిరి. ప్రశ్న అడిగిన పెద్ద మాత్రము చాపలు చుట్టుచు మిగిలిరి. తన పాటల పుస్తకము చివరి పుటలో 1098 అని పెన్సిలుతో వ్రాసికొని, కొంతసేపు ఊరకుండి, “మా వీధిలో ఒక యింటి సంగతి ఉన్నది అయ్యగారూ” అనిరి. ఆ సహోదరి ఎక్కవలసిన బస్సు ఇంకను రాలేదు. మేమిద్దరము రోడ్డువైపు త్వరగా నడచితిమి.