పరిశుద్ధమైన బావి ఏది?

పరిశుద్ధ దేశమునకు గుంపులుగా యాత్రపోవు విశ్వాసులు నాబ్లస్ చెంతనున్న బలాటాలో యాకోబు బావిని చూతురు. 4వ శతాబ్దమునాటికే దానిమీద గుడి ఉండెను. ఇప్పటి గుడిలో మెట్లు దిగినయెడల బావి కనబడును. లోతు సుమారు 40 మీటర్లు. యాత్రికులు ఆ నీరు చేది త్రాగుదురు.

ఆ బావిని పరిశుద్ధపరచినదేమి? గుడియా? ప్రాచీనతయా? యోహాను సువార్త 4వ అధ్యాయము చూడుడి. యూదులు సమరయుల పాత్రను ముట్టని దినములలో మన ప్రభువు సమరయ స్త్రీని దాహమునకు అడిగెను. ఆమె చేతి నీటిని ఆయన అపవిత్రమని యెంచలేదు.

ఇది మనకు తెలియని సంగతి కాదు. మనలో అనేకుల తాతలను ఊరబావి గట్టెక్కనియ్యలేదు. ఎవరైన దయదలచి పోయువరకు వారు కుండలతో ఎడముగా నిలిచిరి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును నిషేధించెను. అయినను ఆ దాహమెరిగిన మనమే పొరుగు పేటవారి యింట నీరు త్రాగుటకు వెనుదీసినయెడల, ఎంత దూరపు యాత్రయైనను ప్రయోజనమేమి?

యాత్రకు పోలేనివారు దిగులుపడనక్కరలేదు. పెట్టుట సులభము, అడుగుటకు తగ్గింపు కావలెను. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట పొరుగు పేటకు పోయి, ఒక చెంబెడు నీళ్లు అడిగి త్రాగుదము.