పేరు ప్రమాణమా?

ఒక వస్తువును వాడకముందే అది మంచిదని నమ్మడానికి దాని మీద చెక్కిన పేరు చాలునా అనే ప్రశ్న అంగడిలో పుట్టినట్టు కనిపించినా, నిజానికి అది భారతీయ దర్శనాలు శతాబ్దాల పాటు వాదించుకున్న ప్రామాణ్య విచారానికి చెందినది. యథార్థ జ్ఞానాన్ని కలిగించే సాధనం ప్రమాణం. కలిగిన జ్ఞానం యథార్థమేనని తేలేది ఎలాగన్న చర్చ ప్రామాణ్య విచారం. కెమెరా కొన్నవారు దానికొక కటకాన్ని, అంటే లెన్సును, ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఈ విచారం చేతిలోని డబ్బుతో ముడిపడి ఎదురవుతుంది. కెమెరా చేసిన సంస్థే తన పేరుతో అమ్మే లెన్సు ఒకటి. అదే కెమెరాకు బిగించడానికి వీలుగా సిగ్మా, టామ్రాన్, టోకినా వంటి వేరే సంస్థలు చేసే లెన్సు మరొకటి, దానినే వాడుకలో థర్డ్ పార్టీ లెన్సు అంటారు. రెండవది చాలా సందర్భాల్లో తక్కువ ధరకు దొరుకుతుంది, ఆ తక్కువ ధరే దాని మీద సందేహానికి మొదటి కారణమవుతుంది.

ఈ సందేహాన్ని మీమాంసకులు ఒక విధంగా, న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు మరొక విధంగా తీరుస్తారు. 7వ శతాబ్దపు మీమాంసకుడు కుమారిలభట్టు బలంగా నిలబెట్టిన స్వతఃప్రామాణ్యవాదం ప్రకారం జ్ఞానం పుట్టడంతోనే ప్రమాణం, దానికి బయటి సాక్ష్యం అక్కరలేదు. తర్వాత దానిని కాదనే బాధకజ్ఞానం కలిగితేనో, దానిని పుట్టించిన సాధనంలో దోషం బయటపడితేనో మాత్రమే అది అప్రమాణమవుతుంది. న్యాయదర్శనం దీనికి ఒప్పుకోదు. దూరాన నీరు కనిపించింది, దగ్గరికి వెళ్లగా నీరు దొరికింది, ప్రయత్నం ఫలించింది కనుక మొదటి జ్ఞానం యథార్థమని ఇప్పుడు తేలింది; ఇలా సఫలమైన ప్రవృత్తి నుంచి ప్రామాణ్యాన్ని ఊహించడమే పరతఃప్రామాణ్యవాదం. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తాను రచించిన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో ఈ పక్షాన్నే సమర్థించాడు. కెమెరా సంస్థ పేరు చూసి మరో ఆలోచన లేకుండా లెన్సు కొనేవారు, తెలిసో తెలియకో, మీమాంసకుల పక్షాన నిలబడుతున్నారు. ఇందులో తెలివితక్కువతనం ఏమీ లేదు, ప్రతి నమ్మకాన్నీ ముందుగా పరీక్షించాలంటే లోకవ్యవహారమే నిలిచిపోతుందన్న వారి వాదానికి చాలా బలముంది.

అయితే పేరు ఏ రకమైన ప్రమాణమో ముందుగా తేల్చుకోవాలి. అది ప్రత్యక్షం కాదు, ఎందుకంటే డబ్బా మీది అక్షరాలు గాజు గురించి కంటికి ఏమీ చూపవు. సంస్థ తన సరుకు గురించి చెప్పే మాటగా చూస్తే అది శబ్దప్రమాణం కావాలి, శబ్దం ప్రమాణం కావాలంటే చెప్పినవాడు ఆప్తుడై ఉండాలి. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్టే చెప్పాలన్న కోరికతో చెప్పేవాడు ఆప్తుడని, ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేనని న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు స్పష్టం చేశాడు. ఆప్తత్వం పుట్టుకతో రాదన్న ఈ మాట ఎంత ఉదారమైనదో అంత కఠినమైనది కూడా, ఎందుకంటే దాని ముందు గొప్ప పేరు, కొత్త పేరు ఒకే వరుసలో నిలబడవలసి వస్తుంది. అమ్మకంలో లాభం ఉన్నవాడు తన సరుకు గురించి చెప్పే మాట అబద్ధం కానక్కరలేదు గాని, ఆ మాట ఒక్కటే చాలదు. అది కెమెరా సంస్థకూ, థర్డ్ పార్టీ సంస్థకూ, డబ్బు తీసుకొని సమీక్ష చెప్పేవారికీ సమానంగా వర్తిస్తుంది.

పేరును శబ్దంగా కాక అనుమానానికి హేతువుగా తీసుకోవచ్చునని కొందరు అనవచ్చు. తర్కంలో అనుమానమంటే సందేహం కాదు, పొగను చూసి నిప్పును గ్రహించినట్టు హేతువు నుంచి సాధ్యాన్ని తెలుసుకోవడం. ఈ సంస్థ లెన్సులు ఇంతకు ముందు బాగున్నాయి, ఇది ఆ జాతిదే, కనుక ఇదీ బాగుంటుందనడం మంచి అనుమానంలాగే కనిపిస్తుంది, పరిచితమైన విషయాల్లో సజాతీయత నుంచి ప్రామాణ్యాన్ని ఊహించవచ్చునని నైయాయికులే అంగీకరించారు. కాని ఇక్కడ ఉపాధి అనే దోషం ఉంది. పొగ ఉన్నచోట నిప్పు తప్పక ఉంటుంది గాని, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు, ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పే ఉంది, పొగ లేదు. నిప్పుకు పొగ తోడు కావాలంటే మధ్యలో తడి కట్టె కావాలి, ఆ తడి కట్టెతోడి సంబంధమే ఉపాధి. పేరుకూ నాణ్యతకూ మధ్య కూడా ఇలాంటి తడి కట్టె ఒకటుంది. నేటి జూమ్ లెన్సులో పదిహేను, ఇరవై దాకా గాజు బిళ్లలు ఒకే అక్షం మీద నిలవాలి. ఒక్క బిళ్ల అతి కొద్దిగా పక్కకు జరిగినా చిత్రంలో ఒక మూల స్పష్టంగా, దాని ఎదుటి మూల మసకగా వస్తుంది. గాజు రకం, రూపకల్పనలోని గణితం, బిగింపులో జాగ్రత్త, బయటికి పంపే ముందు పరీక్ష, ఇవి ఉన్నచోట నాణ్యత ఉంటుంది, ఎవరి పేరున్నా ఉంటుంది. ఇవి లోపించినచోట గొప్ప పేరు కూడా ఎర్రగా కాలిన ఇనుప ముద్దే. 2012లో ఆర్ట్ శ్రేణిని మొదలుపెట్టిన సిగ్మా, సన్నని గీతలను లెన్సు ఎంత స్పష్టతతో అందించగలదో కొలిచే ఎంటీఎఫ్ పరికరంతో ప్రతి లెన్సునూ పరీక్షిస్తామని ప్రకటించడం సరిగ్గా ఈ ఉపాధి గురించిన ప్రకటనే, అదీ శబ్దమే గనుక దానికీ పరీక్ష తప్పదు.

అసలు సొంతం, పరాయి అనే విభజన ఎంత గట్టిదో చరిత్ర చూపిస్తుంది. 1936లో బజారులోకి వచ్చిన కానన్ సంస్థ తొలి కెమెరా హాన్సా కానన్‌కు అమర్చిన లెన్సు నిక్కార్, దానిని చేసింది తర్వాతి కాలంలో నికాన్‌గా మారి కానన్‌కు ప్రధాన పోటీదారు అయిన నిప్పన్ కోగాకు. 1950లో లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ కొరియా యుద్ధాన్ని చిత్రించినప్పుడు జర్మన్ కెమెరాకు ఈ జపాన్ లెన్సులను బిగించి వాడాడు, ఆ చిత్రాల స్పష్టతే జర్మన్ గాజుకు సాటి లేదనుకున్న లోకానికి జపాన్ గాజును పరిచయం చేసింది. నేడు గొప్ప పేరుగా చలామణి అవుతున్న నిక్కార్ ఆ నాడు థర్డ్ పార్టీ లెన్సే. జర్మనీకి చెందిన జైస్ పేరుతో ఈ శతాబ్దంలో వచ్చిన అనేక లెన్సులను జపాన్‌లోని కోసినా సంస్థ తయారుచేసిందన్నదీ ఇలాంటి విషయమే.

ఇంత చెప్పినా పేరుకు ఒక నిజమైన అధికారం మిగులుతుంది, అది గాజులో కాక మాటలో ఉంది. లెన్సును కెమెరాకు బిగించే అమరికను మౌంటు అంటారు. కానన్ 1987లో ఈఎఫ్ మౌంటును ప్రవేశపెట్టినప్పటి నుంచి ఆ సంస్థ కెమెరాకూ లెన్సుకూ మధ్య సంభాషణ పూర్తిగా విద్యుత్ సంకేతాలతోనే జరుగుతోంది. ఫోకస్ ఎటు తిరగాలో, అపర్చర్ ఎంత మూసుకోవాలో కెమెరా చెబుతుంది, లెన్సు వింటుంది. ఆ భాషను సంస్థ బయటపెట్టకపోతే ఇతరులు దానిని ఊహించి నేర్చుకోవాలి, ఊహించి నేర్చినది కొత్త కెమెరా రాగానే తప్పిపోవచ్చు. సోనీ తన ఈ-మౌంటు ప్రాథమిక వివరాలను 2011లోనే ఇతర తయారీదారులకు తెరిచింది. కానన్ 2018 నాటి ఆర్ఎఫ్ మౌంటుకు లెన్సులు చేసే అనుమతి సిగ్మాకు, టామ్రాన్‌కు లభించినట్టు వెల్లడైనది 2024లో, అదీ చిన్న సెన్సారు కెమెరాల లెన్సులకే. తెరిచిన తలుపుకూ గడప ఉంది: సెకనుకు 30 ఫొటోలు తీయగల సోనీ ఏ1 కెమెరా థర్డ్ పార్టీ లెన్సు బిగించినప్పుడు 15 దగ్గర ఆగిపోతుంది. ఈ లోపం గాజుది కాదు. సాక్షిని మాట్లాడనివ్వకుండా ఆపి, అతని మౌనాన్ని అతని అసమర్థతగా చూపడం న్యాయం కాదు గనుక, ఇటువంటి పరిమితిని లెన్సు దోషంగా లెక్కించడం అన్యాయం. అయినా కొనేవారి పనికి అది అడ్డమైతే ఆ అడ్డం మాత్రం నిజమే.

అందుచేత పరతఃప్రామాణ్యవాదానికి ఒక హద్దు ఒప్పుకోవలసి ఉంటుంది. ఫలితాన్ని చూసి తెలుసుకుందామంటే, ఫలితం మరోసారి దొరకని సందర్భాలున్నాయి. తెలుగు పెళ్లిలో వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం పెట్టే సుముహూర్తం క్షణకాలం, ఫోకస్ తప్పిందని పురోహితుణ్ణి మళ్లీ మంత్రం చదవమని అడగడానికి వీలు లేదు. ఆ క్షణం మీద జీవనం ఆధారపడిన ఫొటోగ్రాఫర్ కెమెరా సంస్థ లెన్సుకు ఎక్కువ ధర పెడితే అతను పేరుకు మోసపోయాడనడం తొందరపాటు. అతను కొన్నది ఆ సంభాషణ తెగదన్న భరోసా. అదే భరోసాను ముందుగా చేసిన పరీక్షతో సంపాదించుకొని టామ్రాన్ లెన్సుతో పెళ్లికి వెళ్లే వ్యక్తికీ అంతే హక్కుంది. తప్పు పట్టదగినది పరీక్షించకుండా నమ్మడమూ, పరీక్షించకుండా తిరస్కరించడమూ మాత్రమే.

పరీక్షకు ప్రయోగశాల అక్కరలేదు. గోడకు ఒక దినపత్రికను నాలుగు మూలలా చదునుగా అంటించి, కెమెరాను ముక్కాలి స్టాండు మీద గోడకు సూటిగా నిలిపి, అపర్చర్‌ను పూర్తిగా తెరిచి ఒక ఫొటో తీసి, నాలుగు మూలల అక్షరాలూ ఒకే స్పష్టతతో ఉన్నాయో లేదో చూస్తే అక్షం సంగతి తేలుతుంది. సూర్యుడికి ఎదురుగా ఒకటి, కదిలే మనిషిని వరుసగా కొన్ని తీస్తే మిగతా చాలా విషయాలు తేలుతాయి. దుకాణం లెన్సును తిరిగి తీసుకునే గడువు ముగియకముందే ఈ పని చేయాలి, తక్కువ ధర లెన్సుకు చేసినట్టే ఎక్కువ ధర లెన్సుకూ చేయాలి.